డాలర్ మీద అంబాసిడర్‌కి స్టీరింగ్ ఎడమవైపు ఎందుకుంది?

తిరుపతిలో మెడల్ లాంటి గుండ్రటి బిళ్ళ ఏది కనబడినా జనం దాన్ని ‘డాలర్’ అనే అంటారు. కొండమీద దేవస్థానం అమ్మే శ్రీవారి డాలర్లు, అమ్మవారి డాలర్లు చూసి చూసి నోటికి అలవాటైన మాట అది. అందుకే మా చిన్నాయన ఫోన్ చేసి, “అబ్బోడా, నా కారు డాలర్‌లో తప్పుండాదంట. లచ్చ రూపాయలు పలకతాదంటున్నారు. నువ్వొకసారి చూడు” అన్నప్పుడు దేని గురించి చెబుతున్నాడో నాకు వెంటనే అర్థమైంది.

చిన్నాయన ముప్పై ఏళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపాడు. తిరుచానూరు, శ్రీకాళహస్తి, కాణిపాకం అంటూ యాత్రికులను తిప్పాడు. బండి అమ్మేసిన చాలా ఏళ్ళకు, పాత కార్లవాళ్ళు ఒకచోట కలుసుకుంటున్నారని తెలిసి చూడ్డానికి పోయాడు. అక్కడ వచ్చినవాళ్ళకు జ్ఞాపికగా ఒక్కో బిళ్ళ ఇచ్చారు. లోపల ఇత్తడి, పైన వెండి పూత. ఒకవైపు అంబాసిడర్ ముందుభాగం, దాని కింద పేరు, ఇంకోవైపు కార్యక్రమం పేరు, సంవత్సరం. ఆయన దాన్ని పూజగదిలో వెంకన్న పటం పక్కన పెట్టుకున్నాడు. మొన్నామధ్య మనవడు దాన్ని ఫోటో తీసి ఎక్కడో పెడితే, స్టీరింగ్ తప్పువైపు ఉందని ఎవరో పట్టుకున్నారు.

మన దేశపు కారును ముందు నుంచి చూస్తే స్టీరింగ్ మన ఎడమచేతి వైపు కనబడాలి. డ్రైవర్ మనకు ఎదురుగా ఉంటాడు కాబట్టి ఆయన కుడి మనకు ఎడమ. ఈ డాలర్ మీద అది మన కుడిచేతి వైపు ఉంది. అంటే కారు అమెరికా కారులాగా ఎడమవైపు స్టీరింగ్ బండి అయిపోయింది. ఫోటో చూసిన ఒకాయన అయితే దీనికి ‘బ్రాకేజ్’ అనే పేరు కూడా పెట్టి, చాలా అరుదైన తప్పు, నేను కొంటాను అని మెసేజ్ పెట్టాడు.

నాణేలు, బిళ్ళలు, బొమ్మకార్లు పోగుచేసే అలవాటు నాకు పాతికేళ్ళ నుంచి ఉంది. ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయి. తప్పున్న వస్తువుకు లక్షలు పలుకుతాయన్న మాట సగం నిజం. ఆ సగం నిజమే మనుషులను ఇబ్బందుల్లో పడేస్తోంది. అందుకే దీన్ని విడమరిచి రాయాలనిపించింది.

తప్పు ఎంత పెద్దది, ఎంత వింతగా కనబడుతోంది అన్నవి తర్వాతి సంగతులు. మొదట తేల్చాల్సింది ఒకటే: ఆ తప్పు ఎప్పుడు జరిగింది?

పెళ్ళిపత్రిక తీసుకోండి. ముహూర్తం తేదీ తప్పుగా రాసిచ్చి ప్రెస్సుకు పంపితే ఐదువందల పత్రికల్లోనూ అదే తప్పు పడుతుంది. మేటర్ సరిగ్గానే ఉండి, యంత్రంలో ఒక కాగితం మడత పడితే ఆ ఒక్క పత్రికలోనే సగం అక్షరాలు మాయమవుతాయి. ఇంటికొచ్చాక పత్రిక మీద కాఫీ ఒలికితే అది మరక. మూడింటినీ చూసి “పత్రికలో తప్పుంది” అనొచ్చు కానీ, మూడూ ఒకటి కాదు. జ్ఞాపికలను పోగుచేసేవాళ్ళు ‘ఎర్రర్’ అని విలువ ఇచ్చేది రెండో రకానికి. మొదటిది డిజైన్ పొరపాటు. మూడోది డ్యామేజ్.

బొమ్మ గీసే దగ్గరే జరిగే పొరపాట్లు

పాత కార్ల జ్ఞాపికల్లో ఎక్కువగా కనబడేవి ఇవే. కారణం తేలిగ్గా ఊహించవచ్చు. కార్యక్రమం నెలలోపే ఉంటుంది, కావలసినవి రెండు మూడు వందల బిళ్ళలు, బొమ్మ గీసే కుర్రాడికి ఆ కారు రోడ్డు మీద తిరిగిన రోజులు తెలియవు. నెట్‌లో దొరికిన ఫోటో ఒకటి పెట్టుకుని గీస్తాడు. నమూనా వాట్సాప్‌లో వస్తుంది. నిర్వాహకులు ఫోన్ తెరమీదే చూసి ‘ఓకే’ అంటారు.

అంబాసిడర్ సంగతే చూడండి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ దీన్ని 1950ల చివర్లో మొదలుపెట్టింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 2014 మే వరకు తయారైంది. అరవై ఏళ్ళు అదే కారు అని అందరూ అంటారు కానీ, నడిపినవాళ్ళను అడిగితే ముఖం చూసి ఏ మార్కో, అంటే ఏ తరం మోడలో చెబుతారు. మార్క్ టూకి గళ్ళ గ్రిల్, 1975లో వచ్చిన మార్క్ త్రీకి అడ్డపట్టీల గ్రిల్, 1979లో వచ్చిన మార్క్ ఫోర్‌కి సన్న గళ్ళ చిన్న గ్రిల్. చిన్నాయన ఇన్నేళ్ళూ ఆ డాలర్‌లో చూసుకున్నది స్టీరింగ్‌ని కాదు, గ్రిల్‌ని. “ఇది మార్క్ ఫోరు, నాది మార్క్ త్రీ” అని ఎవరొచ్చినా చెప్పేవాడు. మొదటి అంబాసిడర్ జ్ఞాపకార్థం అని రాసి మార్క్ ఫోర్ ముఖం వేశారనుకోండి, అది డిజైన్ పొరపాటు. ఎంతమందికి పంచితే అంతమంది దగ్గరా ఉంటుంది.

మారుతి 800 ఇంకా మంచి ఉదాహరణ. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్ చేతికి ఇచ్చారు. ఆ కారు చిన్నది, పెట్టెలా ఉండేది. మనలో చాలామందికి కళ్ళముందు మెదిలే మారుతి 800 అది కాదు. మనకు మెదిలేది 1986లో వచ్చిన రెండోతరం రూపం. 1983 అని అంకె వేసి 1986 రూపం పెట్టిన కీచైన్ చేతికొస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. ‘వింటేజ్’ అన్న మాట కూడా ఇంతే. 2021లో కేంద్రం తెచ్చిన రిజిస్ట్రేషన్ నిబంధనల్లో యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బండినే వింటేజ్ అన్నారు. దానికి ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. 1985 కారు బొమ్మ కింద వింటేజ్ అని చెక్కితే ఇప్పటి లెక్కకు అది తప్పే.

ఇక స్టీరింగ్ ఎలా మారింది? బిళ్ళ మీద బొమ్మ ఉబ్బెత్తుగా రావాలంటే ఉక్కు అచ్చులో అది పల్లంగా, అద్దంలో కనబడినట్టు తిరగేసి ఉండాలి. ఉంగరానికి ముద్ర చెక్కే కంసాలి పేరును తిప్పి చెక్కుతాడే, అలాగే. ఇప్పుడు ఈ తిప్పే పని కంప్యూటర్ చేస్తుంది. బొమ్మ గీసినవాడు కారును ఒకసారి తిప్పి పెట్టేసి, అక్షరాలను తిన్నగా వదిలాడనుకుందాం. తర్వాత అచ్చు చెక్కేటప్పుడు మొత్తం మళ్ళీ తిరుగుతుంది. అక్షరాలు బిళ్ళమీద సరిగ్గా వస్తాయి. కారు మాత్రం అద్దంలో కారులా వస్తుంది. అంబాసిడర్ ముందు నుంచి రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ తేడా తెలిసేది స్టీరింగ్ దగ్గరే. చిన్నాయన డాలర్‌లో జరిగింది ఇదే అని నా నమ్మకం. ఆ రోజు పంచిన బిళ్ళలన్నిటికీ స్టీరింగ్ అటువైపే ఉండాలి.

అన్నిటికీ ఉన్న తప్పుకు అరుదైనది అనే గుణం రాదు. ఒక్క సందర్భంలో వస్తుంది. కొన్ని కొట్టాక తప్పు కనిపెట్టి, అచ్చు మార్చి, మిగతావి సరిచేసి కొడితే మొదటివి తక్కువ సంఖ్యలో మిగిలిపోతాయి. అప్పుడు రెండు రకాలూ పక్కపక్కన పెట్టుకోవాలని పోగుచేసేవాళ్ళకు కోరిక పుడుతుంది.

యంత్రం కింద జరిగేవి

ఇక్కడికి వస్తే నాకు మాటలు ఆగవు. ఒక నాణెమో బిళ్ళో ఎలా పుడుతుందో తెలిస్తే, దాని మీది ప్రతి గీతా ఏదో ఒకటి చెబుతున్నట్టు ఉంటుంది.

ముందు లోహపు రేకులోంచి ఖాళీ బిళ్ళలను కోస్తారు. చపాతీ పిండి పరిచి గ్లాసుతో పూరీలు కోసినట్టు. రేకు సరిగ్గా ముందుకు జరగకపోతే కత్తెర ఇంతకుముందు కోసిన గుంత మీదికి కొంత వెళ్తుంది. బిళ్ళకు ఒక పక్క చంద్రవంక ఆకారంలో ముక్క తెగిపోయి ఉంటుంది. దీన్ని క్లిప్ అంటారు. ఆకురాయి పట్టి ఇలాంటి ముక్కను ఎవరైనా తీయగలరు కదా, అసలుదని ఎలా తెలుస్తుంది? తెగిన చోటుకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచును చూడాలి. అసలైన క్లిప్‌లో ఆ ఎదుటి అంచు కూడా పలచగా, సరిగ్గా లేవకుండా ఉంటుంది. బిళ్ళ అంచును యంత్రం నొక్కి లేపేటప్పుడు ఒక పక్క లోహం లేకపోవడంతో ఎదుటి పక్కన ఒత్తిడి పడదు. ఆకురాయి పట్టినవాడికి ఈ సంగతి తెలియదు. అతని బిళ్ళలో ఎదుటి అంచు నిండుగా ఉంటుంది. నకిలీని పట్టించే ఇంత చక్కటి గుర్తు నాకు ఇంకెక్కడా కనబడలేదు.

తర్వాత ఆ బిళ్ళను కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, చుట్టూ ఒక ఉక్కు కట్టు మధ్య పెట్టి టన్నుల బరువుతో కొడతారు. బిళ్ళ పక్కకు జరిగి ఉంటే బొమ్మ సగమే పడుతుంది. చుట్టూ ఉన్న కట్టు సరిగ్గా లేవకపోతే లోహం దోసెలా వెడల్పుగా పరుచుకుంటుంది. కొట్టాక బయటికి పోకుండా మళ్ళీ దెబ్బ తింటే బొమ్మ మీద బొమ్మ. అచ్చు పల్లంలో గ్రీజు నిండితే అక్కడి అక్షరం మెత్తగా మాయమవుతుంది. ఒక కార్యక్రమం కారు బొమ్మతో ఇంకో కార్యక్రమం అక్షరాల అచ్చు జతకూడితే దాన్ని మ్యూల్ అంటారు, కంచరగాడిద అని. అమెరికా టంకశాలలో 2000 సంవత్సరంలో పావు డాలర్ ముఖం, ఒక డాలర్ నాణెం వెనుకభాగం కలిసి ఇలాంటివి కొన్ని బయటికొచ్చాయి. తెలిసినవి ఇరవై దాకా మాత్రమే. అందుకే వాటి ధర చుక్కల్లో ఉంటుంది.

ఆ మెసేజ్‌లో వచ్చిన బ్రాకేజ్ మాటకు వద్దాం. కొట్టిన బిళ్ళ ఒకటి కింద పడకుండా పై అచ్చుకే అతుక్కుపోతుంది. దాని కిందికి ఇంకో ఖాళీ బిళ్ళ వస్తుంది. ఇప్పుడు దెబ్బ పడితే, అతుక్కున్న బిళ్ళే అచ్చు పని చేస్తుంది. దాని ఉబ్బెత్తు బొమ్మ కొత్త బిళ్ళ మీద పల్లంగా, అద్దంలోలా తిరగబడి పడుతుంది. అంటే బ్రాకేజ్‌కి రెండు లక్షణాలు తప్పనిసరి. బొమ్మ తిరగబడాలి, లోపలికి పల్లంగా ఉండాలి. అక్షరాలున్న వైపైతే అవీ తిరగబడాలి. చిన్నాయన డాలర్‌లో కారు ఉబ్బెత్తుగా ఉంది, కారు కింద ఉన్న పేరు తిన్నగా చదవొస్తోంది. తిరగబడింది కారు ఒక్కటే. ఇది బ్రాకేజ్ కానే కాదు. మెసేజ్ పెట్టినాయనకు ఆ పదం తెలుసు, దాని అర్థం తెలియదు. లేదా తెలిసీ వాడాడు.

ఈ ఉబ్బెత్తు, పల్లం అన్న తేడా ఒక్కటి గుర్తుంచుకుంటే సగం చిక్కులు విడిపోతాయి. అచ్చుకు పగులు వచ్చిందంటే ఉక్కులో సన్నటి చీలిక అని అర్థం. కొట్టినప్పుడు లోహం ఆ చీలికలోకి దూరుతుంది. కాబట్టి బిళ్ళమీద అది లేచిన గీతగా కనబడుతుంది. అదే బయటికొచ్చాక గోరో మేకో గీస్తే పడేది పల్లపు గీత. చూపుడువేలి గోరుతో మెల్లగా తడిమినా తేడా తెలిసిపోతుంది. పూతపూసిన బిళ్ళల్లో ఇంకో ఆధారం ఉంది. పూత పూసేది కొట్టడం అయిపోయాకే. అచ్చు వల్ల వచ్చిన గీత మీద కూడా వెండి పూత నిండుగా ఉంటుంది. తర్వాత పడిన గీతలో అడుగున ఇత్తడి పసుపు తొంగిచూస్తుంది.

అక్షరాలు రెండేసిగా కనబడితే మాత్రం తొందరపడొద్దు. 1955లో అమెరికా ఒక సెంటు నాణెం మీద తేదీ, అక్షరాలు స్పష్టంగా రెండేసి పడ్డాయి. అచ్చును తయారుచేసేటప్పుడు మూలపు ముద్రను రెండోసారి కొద్దిగా తిప్పి నొక్కడం వల్ల జరిగిన తప్పు అది. ఇరవై వేలకు పైగా బయటికొచ్చినా ఈనాటికీ దానికి గిరాకీ తగ్గలేదు. కానీ అచ్చు కొట్టే క్షణంలో కాస్త కదిలినా అక్షరం పక్కన చదునైన మెట్టు లాంటి నీడ వస్తుంది. అది దాదాపు ప్రతి పాత యంత్రంలోనూ జరిగేదే. దానికి విలువ లేదు. భూతద్దంలో రెండో అక్షరం గుండ్రంగా, నిండుగా ఉందా, లేక పలకలా అణిగి ఉందా అన్నదే తేడా.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. టంకశాల నాణెం మీది తప్పుకూ, ప్రైవేటు వర్క్‌షాపులో కొట్టిన జ్ఞాపిక మీది తప్పుకూ ఒకే ధర ఊహించుకోకూడదు. టంకశాలలో తనిఖీ కట్టుదిట్టంగా ఉంటుంది, తప్పు తప్పించుకుని బయటపడడమే విశేషం. వర్క్‌షాపులో రెండువందల బిళ్ళలకు అంత తనిఖీ ఉండదు. తప్పులు ఎక్కువ, కొనేవాళ్ళు తక్కువ. పైగా మొత్తం ఎన్ని కొట్టారో రాసిపెట్టినవాళ్ళు ఉండరు. ఎన్నిట్లో ఒకటో తెలియనిదాన్ని అరుదు అని ఎవరు చెప్పగలరు?

బొమ్మకార్ల లోకం

పాత కార్ల అభిమానుల జ్ఞాపికల్లో బిళ్ళల తర్వాత ఎక్కువ ఉండేవి లోహపు బొమ్మకార్లు. శ్రీసిటీలో ఒక విడిభాగాల కంపెనీలో అచ్చుల విభాగంలో పనిచేసే మిత్రుడు ఉన్నాడు. అతని చేతిలో ఒక బొమ్మకారు పెడితే చక్రాల కంటే ముందు అడుగుభాగం తిప్పి చూస్తాడు. “అన్నా, తప్పులన్నీ కిందే కనబడతాయి” అంటాడు. కరిగించిన జింకు మిశ్రమాన్ని ఒత్తిడితో అచ్చులోకి పంపిస్తే కారు ఒళ్ళు తయారవుతుంది. లోహం చివరిదాకా పోకముందే చల్లబడితే బంపర్ మూల ఏర్పడదు. అచ్చు రెండు సగాలూ సరిగ్గా మూసుకోకపోతే అంచున పలచటి రెక్కలా లోహం వస్తుంది. తర్వాత రంగు, ఆపైన మెత్తటి సిలికాన్ దిండుతో అద్దే అక్షరాలు, గీతలు. పోగుచేసేవాళ్ళు దాన్ని టాంపో అంటారు. చివరగా చక్రాలు, అడుగుపలక, రివెట్.

ఒకవైపు నంబరు ఉండి రెండోవైపు లేకపోవడం, చక్రాలు ఒక జత వేరే రకంవి పడటం, అడుగుపలక తిరగేసి బిగించడం, ఇవన్నీ అసలైన కర్మాగారపు తప్పులే. కానీ పెట్టెలోంచి తీసిన కారుకు ఇవి ఉన్నాయంటే నమ్మడం కష్టం. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవంతో టాంపో రెండు నిమిషాల్లో పోతుంది. రివెట్‌ను డ్రిల్ చేసి చక్రాలు మార్చేవాళ్ళు ఉన్నారు. అందుకే బొమ్మకార్లలో తప్పుకు విలువ రావాలంటే అది సీలు చెడని ప్యాకింగులోనే ఉండాలి. పిల్లవాడు ఆడుకోకుండా పెట్టెలోనే పెట్టుకోవడం నాకు మనసొప్పని పని, కానీ ఈ లోకంలో ఆధారం అదే.

మన దేశానికి దగ్గరి ఉదాహరణ కలకత్తా నిక్కీ టాయ్స్. ఇంగ్లండు డింకీ కార్ల పాత అచ్చులు 1960ల చివర్లో కలకత్తా చేరి, వాటితో ఇక్కడ కార్లు తయారయ్యాయి. అడుగుపలక మీద డింకీ అనే పేరు చెరిపేసిన చోటు కొన్నిట్లో ఇప్పటికీ తెలుస్తుంది. కొత్తగా చూసేవాళ్ళు దాన్ని తయారీ తప్పు అనుకుంటారు. అది కావాలని చేసిన పని. అచ్చు చేతులు మారిన చరిత్ర అది. నా దృష్టిలో ఏ తప్పు కన్నా అదే విలువైనది.

కంటికి కనబడకుండా లోపలే దాగి ఉండే తయారీ దోషం ఒకటుంది. దాన్ని జింక్ పెస్ట్ అంటారు, జింకు తెగులు. బొమ్మకార్ల మిశ్రమంలో సీసం ఉండాల్సినదానికంటే ఎక్కువైతే, ఏళ్ళు గడిచాక లోహం లోపల రేణువుల మధ్య తుప్పు మొదలవుతుంది. కారు ఉబ్బుతుంది, వంకర పోతుంది, పగుళ్ళిచ్చి చివరికి బిస్కట్టులా పొడైపోతుంది. ప్రమాణాల ప్రకారం సీసం 0.005 శాతం మించకూడదు. అంత కొంచెం తేడా ఒక బొమ్మ ప్రాణం తీస్తుంది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు తయారైన డింకీ కార్లు చాలా ఇలాగే పోయాయి. తెగులు అన్న పేరు విని ఒక కారు నుంచి ఇంకో కారుకు అంటుకుంటుందని భయపడతారు. అంటుకోదు. కానీ తేమ, వేడి దాన్ని తొందరపెడతాయి. మన తిరుపతి ఎండలకు అద్దాల అల్మరాలో, కిటికీ పక్కన పెట్టడం మంచిది కాదు. పగిలిన కారును ‘అరుదైన పగులు’ అని అమ్మజూపేవాళ్ళను నేను చూశాను. తప్పు కర్మాగారంలోనే జరిగిన మాట నిజమే, కానీ ఎవరూ దాన్ని కోరుకోరు.

తలకిందులైన కారు

కారు బొమ్మ ఉన్న స్టాంపు మీద జరిగిన ఒక తప్పు కథ చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. 1901లో అమెరికాలోని బఫెలోలో పెద్ద ప్రదర్శన జరిగింది. ఆ సందర్భంగా వచ్చిన ప్యాన్ అమెరికన్ స్టాంపులు రెండు రంగుల్లో ఉండేవి. చుట్టూ చట్రం ఒక రంగు, మధ్యలో బొమ్మ నలుపు. ఒక్కో షీటు ప్రెస్సులోకి రెండుసార్లు పోవాలి. రెండోసారి షీటును తిప్పి పెడితే బొమ్మ తలకిందులవుతుంది. ఒక సెంటు ఓడ, రెండు సెంట్ల రైలు అలా నిజంగానే తలకిందులై జనం చేతికి వచ్చాయి. నాలుగు సెంట్ల స్టాంపు మీద విద్యుత్తుతో నడిచే మోటారు కారు ఉంది. అదీ తలకిందులైందని ఒక పుకారు వచ్చింది. తపాలా శాఖ ఉన్నతాధికారి ఎడ్విన్ మాడెన్ ఆ పుకారు నమ్మి, అలాంటివి కొన్ని ముద్రించమని ఆదేశించాడు. అంటే తలకిందులైన కారు స్టాంపు పొరపాటున పుట్టలేదు. అడిగి చేయించుకున్న తప్పు. అవి పోస్టాఫీసులో ఎన్నడూ అమ్మకానికి రాలేదు, కొద్దిమంది చేతుల్లోకి వెళ్ళాయి. అయినా ఈనాడు అవి పెద్ద ధరకు పోతాయి.

దీనికి పూర్తిగా ఎదురు కథ 1962ది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన డాగ్ హామర్‌షెల్డ్ పేర వచ్చిన అమెరికా స్టాంపులో పసుపు రంగు తలకిందులైంది. ఒకటి రెండు షీట్లు దొరికినవాళ్ళు ధనవంతులవుతారని అందరూ అనుకుంటుండగా, అమెరికా పోస్ట్‌మాస్టర్ జనరల్ అదే తప్పుతో నాలుగు కోట్ల స్టాంపులు కావాలని ముద్రింపించాడు. ధర నేలకొచ్చింది. తప్పు అదే, రంగు అదే, ఉన్నవి ఎన్ని అన్నదే మారింది. నాకు ఆ అధికారి చేసిన పని నచ్చదు. ఒకడి అదృష్టాన్ని అందరికీ పంచడం న్యాయంగా కనబడవచ్చు, కానీ మొదటి తప్పు ఎలా జరిగిందో చెప్పే సాక్ష్యం ఆ కోట్ల కాగితాల్లో కలిసిపోయింది.

డబ్బు మాటలు

చిన్నాయనకు మెసేజ్ పెట్టిన మనిషి రెండో రోజు ఇంకో మాట అన్నాడు. లక్ష ఇస్తాను, కాని ముందు రిజిస్ట్రేషన్ ఖర్చుల కింద మూడువేలు పంపాలి. మూడోరోజు పన్ను పేరుతో ఇంకో ఐదువేలు. చిన్నాయన మూడువేలు పంపేశాక గానీ నాకు ఫోన్ చేయలేదు. ఆ డబ్బు పోయింది. డబ్బు కంటే ఆయన మొహంలో కనబడిన సిగ్గు నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆయన మోసపోయాడు, తప్పు ఆయనది కాదు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. పాత నోట్లు, నాణేలు కొంటామని రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని, చార్జీలూ కమిషన్లూ పన్నులూ అడిగేవాళ్ళ గురించి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రజలను హెచ్చరించింది. అలాంటి వ్యాపారం తాము చేయబోమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని చెప్పింది. కొనేవాడు అమ్మేవాడికి డబ్బివ్వాలి. అమ్మేవాడి దగ్గరే ముందు డబ్బడిగితే అక్కడే ఆ మాట ముగించాలి.

మీ దగ్గర ఇలాంటి వస్తువుంటే బంగారు అంగట్లో తూకం వేయించండి. అలాంటిదే ఇంకొకటి దొరికితే దాన్నీ తూచి పోల్చండి. కంసాలి కంటికి పెట్టుకునే భూతద్దం చాలు, చాలా సంగతులు చెబుతుంది. ఒకటి మాత్రం బతిమాలి చెబుతున్నాను: చింతపండుతో తోమొద్దు, విబూదితో రుద్దొద్దు. ఇత్తడి బిందెకు మంచిదైన ఆ తోముడు బిళ్ళమీది పూతను తినేస్తుంది. గీతల అంచులను అరగదీస్తుంది. తప్పు ఎప్పుడు జరిగిందో చెప్పే ఆధారమే పోతుంది. పండక్కి ముందు ఇంట్లోవాళ్ళు ప్రేమతో తళతళలాడించిన బిళ్ళలు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి, ఏమీ చెప్పలేకపోయాను.

చిన్నాయన డాలర్

మొన్న ఆదివారం చిన్నాయన ఇంటి వరండాలో, వెలుతురు పక్కవాటుగా పడేలా కూర్చుని ఆ డాలర్‌ను గంటసేపు చూశాను. స్టీరింగ్ గురించి పైన చెప్పినదే ఆయనకూ చెప్పాను. “అయితే అందరి దగ్గరా ఇంతేనా?” అన్నాడు. అవునన్నాను. వెనకవైపు తిప్పాను. సంవత్సరంలో చివరి అంకె కింద నుంచి అంచుదాకా వెంట్రుకంత సన్నని గీత ఉంది. గోటితో తడిమితే లేచి ఉంది. దాని మీద వెండి పూత చెక్కుచెదరలేదు. అచ్చుకు పగులు వచ్చాక కొట్టిన బిళ్ళ ఇది.

పగులు ఎప్పుడూ పెరుగుతూనే పోతుంది, తగ్గదు. ఒక్కో దెబ్బకు ఉక్కులో చీలిక ఇంకాస్త పొడవవుతుంది. అందుకని ఒకే అచ్చు కింద పుట్టిన బిళ్ళలను పక్కపక్కన పెడితే, పగులు పొడవును బట్టి ఏది ముందు కొట్టారో ఏది తర్వాత కొట్టారో వరసలో పెట్టొచ్చు. నాణేల మీద పనిచేసేవాళ్ళు అచ్చు దశలు అని దీన్నే లెక్కగడతారు. ఆ మాట వినగానే చిన్నాయన లేచి ఫోన్ తీశాడు. ఆయనతో పాటు ఆ కార్యక్రమానికి పోయిన చిత్తూరు డ్రైవర్ ఒకాయన ఉన్నాడు, ఆయన దగ్గరా ఒక డాలర్ ఉంది.

సాయంత్రానికి ఆయన బస్సులో తిరుపతి వచ్చాడు. బస్టాండు పక్కన టీ అంగట్లో, టీ మరకలు తుడిచిన బల్లమీద రెండు డాలర్లూ పెట్టాము. రెండింటికీ స్టీరింగ్ అటువైపే ఉంది. చిత్తూరాయన డాలర్ వెనక గీత అంకె దగ్గర మొదలై మధ్యలోనే ఆగిపోయింది. చిన్నాయనది అంచు తాకింది.

“అంటే నాది ముందు పుట్టింది, నీది తర్వాతా సామీ” అన్నాడు చిత్తూరాయన. చిన్నాయన రెండింటినీ మార్చి మార్చి చూస్తూ, మదనపల్లెలో ఇంకొకాయన దగ్గర ఒకటుందని, ఆయన కూడా మార్క్ త్రీనే నడిపాడని చెప్పి నంబరు వెతకడం మొదలుపెట్టాడు.